తెగువకు కర్మ: ‘డెరింగ్ డూ’ అనే ఇంగ్లీషు మాట చరిత్ర

(చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ స్మారకోపన్యాస పాఠం)



చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ స్మృతికి అంకితమైన సభలో మాట్లాడమని పిలవడం నాకు దక్కిన గౌరవం. 1798లో కలకత్తాలో పుట్టిన బ్రౌన్ 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చారు. కచేరీ పని ముగిశాక ఆయన అసలు పని మొదలయ్యేది. ఊరూరా తాటాకు గ్రంథాలు వెతికించారు. తన జీతంలోంచి జీతాలిచ్చి పండితుల్నీ లేఖకుల్నీ పెట్టుకున్నారు. ఒక్కో కావ్యానికి దొరికిన ప్రతులన్నీ ముందు వేసుకుని, పద్యం పద్యం పోల్చి, శుద్ధప్రతులు రాయించారు. అప్పులపాలైనా ఆ పని ఆపలేదు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేశారు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు.

ఆయన పేరిట జరిగే సభలో తెలుగు మాట గురించి మాట్లాడడం సహజం. నేను ఒక ఇంగ్లీషు మాటను ఎంచుకున్నాను. బ్రౌన్ జీవితకాలమంతా తలపడినవన్నీ ఆ ఒక్క మాట చరిత్రలో కనిపిస్తాయి: లేఖక ప్రమాదం, ముద్రారాక్షసం, కాలం మారి అర్థం మరుగుపడిన పాత ప్రయోగం, దానికి ఊహతో టీక చెప్పిన వ్యాఖ్యాత, చివరికి ప్రతులన్నీ తిరగేసి నిజం బయటపెట్టిన నిఘంటుకారుడు. ఆ మాట ‘డెరింగ్ డూ’.

మాట, వాడుక

నేటి ఇంగ్లీషులో ‘డెరింగ్ డూ’ అంటే వీరోచితమైన తెగువ, సాహసకృత్యం. ఒంటరిగా సముద్రం దాటినవాళ్ల గురించీ, మంచుకొండలెక్కినవాళ్ల గురించీ, కత్తియుద్ధాల సినిమాల గురించీ రాసేటప్పుడు ఈ మాట వాడతారు. ఎక్కువగా ‘డీడ్స్ ఆఫ్ డెరింగ్ డూ’ అనే కూర్పులోనే కనిపిస్తుంది. నాలుగైదు వందల ఏళ్ల నాటి రాజుల కాలపు మాటలా వినిపించడమే దాని ఆకర్షణ.

దీని తోబుట్టువైన ‘డేరింగ్’ మన తెలుగువాళ్లకు కొత్త కాదు. ‘మోసగాళ్లకు మోసగాడు’ తీసి తెలుగు తెరకు కౌబాయ్‌ని తెచ్చిన కృష్ణను మన ప్రేక్షకులు ‘డేరింగ్ అండ్ డాషింగ్ హీరో’ అనే పిలుచుకున్నారు. ‘డేర్ చెయ్యడం’ అనే మాట మన కాలేజీల్లోనూ వీధుల్లోనూ తిరుగుతూనే ఉంది. ‘డేరింగ్’ అందరికీ తెలిసిన మాట. ‘డెరింగ్’ అనే రూపం మాత్రం ‘డూ’ పక్కన తప్ప ఇంగ్లీషులో మరెక్కడా కనబడదు. ‘డే’ ఎందుకు ‘డె’ అయింది? ‘చేయు’ అని అర్థమిచ్చే క్రియ ‘డూ’ వచ్చి నామవాచకంలా ఎందుకు కూర్చుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ వెళితే ఆరు వందల ఏళ్లు వెనక్కి చేరతాం.

ధాతువు, దూరపు చుట్టరికం

‘డేర్’ క్రియకు పాత ఇంగ్లీషు రూపం ‘దుర్రాన్’. దీని భూతకాల రూపం ‘డర్స్ట్’ షేక్‌స్పియర్ కాలంలో వాడుకలో ఉంది. మొదట ఈ క్రియలో వినిపించింది ఉకారం; చాసర్ కాలంలో ‘దుర్రింగ్’, ‘డోరింగ్’ అనే రూపాలుండేవి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మన కథ ఆ అచ్చు మీదే నడుస్తుంది.

ఈ ధాతువు ఇండో–యూరోపియన్ కుటుంబమంతటా వ్యాపించింది. సంస్కృతంలో దీనికి సోదరి ‘ధృష్’. ధృష్టుడు, ధృష్టత, ధార్ష్ట్యం అనే తత్సమాలు దాన్నుంచి వచ్చినవే. ఋగ్వేదంలో ఇంద్రుడికి ‘ధృష్ణువు’ అనే విశేషణం ఉంది. ద్రుపదుడి యజ్ఞకుండంలోంచి వెలువడి, ద్రోణుణ్ణి చంపిన ధృష్టద్యుమ్నుడి పేరు మొదట ఉన్నదీ ఆ ధాతువే. కాబట్టి ‘డేరింగ్ హీరో’ అన్నప్పుడూ, ‘ధృష్టద్యుమ్నుడు’ అన్నప్పుడూ మన నోట పలికేది ఒకే పాత ధాతువు.

అయితే అదే ‘ధృష్ట’ శబ్దం అలంకారశాస్త్రంలోకి వచ్చేసరికి రంగు మార్చుకుంది. అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు అని శృంగార నాయకుల్ని నాలుగు రకాలుగా విభజించారు. వీరిలో ధృష్టుడు తప్పు చేసి, దొరికిపోయి కూడా నాయిక ఎదుట జంకు లేకుండా నిలబడేవాడు. ఇంద్రుడికి స్తుతి అయిన మాట ఇక్కడ నింద అయింది. గ్రీకులోనూ ఇదే జరిగింది. అదే ధాతువు నుంచి వచ్చిన ‘థ్రసుస్’ అనే మాటను అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో దుడుకువాడికి వాడాడు. పిరికితనం ఒక కొస, దుడుకుతనం రెండో కొస, నడుమన ఉండేది శౌర్యం అని ఆయన సిద్ధాంతం.

మన ‘సాహసం’ చరిత్ర దీనికి తలకిందులుగా నడిచింది. ‘సహస్సు’ అంటే బలం. మనుధర్మశాస్త్రం చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాల్లో ‘సాహసం’ ఒకటి. అక్కడ దాని అర్థం బలవంతంగా, బాహాటంగా చేసిన నేరం. జరిమానాలకు కూడా ఆ పేరే పెట్టారు: ప్రథమ సాహసం 250 పణాలు, మధ్యమ సాహసం 500, ఉత్తమ సాహసం 1000. ఒకప్పుడు జరిమానా కట్టించిన మాటకు ఈనాడు పతకాలు ఇస్తున్నాం. ఇక మన అచ్చతెలుగు ‘తెగువ’ ‘తెగు’ ధాతువు నుంచి పుట్టింది. వెనక్కి లాగే బంధాలు తెంచుకున్నవాడే తెగించినవాడు. తెగించినవాడికి తెడ్డే లింగం అన్న సామెతలో మెచ్చుకోలు ఎంత ఉందో హెచ్చరికా అంతే ఉంది.

ఈ మాటలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. తెగువ తనంతట తాను మంచీ కాదు, చెడూ కాదు. దేనికి తెగించాడు అన్న ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి అది శౌర్యమో దౌర్జన్యమో అవుతుంది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, తెగించడం అనే క్రియకు కర్మ కావాలి. ‘డెరింగ్ డూ’ కథ సరిగ్గా ఆ కర్మ పోగొట్టుకున్న కథ.

చాసర్ వాక్యం

జెఫ్రీ చాసర్ 14వ శతాబ్దపు లండన్ కవి. వృత్తికి రాజోద్యోగి, 1374 నుంచి లండన్ రేవులో ఉన్ని సుంకాల లెక్కలు చూశాడు. 1380ల నడుమ ‘ట్రాయిలస్ అండ్ క్రిసైడ్’ అనే దీర్ఘకావ్యం రాశాడు. ఇటలీ కవి బొకాచియో రాసిన కావ్యం దానికి మూలం. ట్రాయ్ యుద్ధం సాగుతుండగా ట్రాయిలస్ అనే రాకుమారుడు ప్రేమించి, మోసపోయి, యుద్ధంలో చనిపోయే కథ అది. అయిదు భాగాలు, ఏడేసి పాదాల పద్యాలు.

అయిదో భాగంలో చాసర్ కాసేపు కథ ఆపి, ముఖ్య పాత్రల రూపగుణాలు వర్ణిస్తాడు. ట్రాయిలస్ వంతు వచ్చినప్పుడు అతడు ఒక విషయంలో ఎవరికీ తీసిపోడని చెబుతాడు. ఏ విషయంలో? ఒక వీరుడికి తగిన పని చేయడానికి తెగించడంలో. బలంలో ఒక రాక్షసుడు అతణ్ణి మించవచ్చు గాని, తాను తలపెట్టిన పని చేయ తెగించడంలో అతడి గుండె మేటివీరులతో సమానమని ఆ వెంటనే అంటాడు.

చాసర్ వాడిన రెండు మాటలు ‘దుర్రింగ్’, ‘డాన్’. మొదటిది తెగించడం. రెండోది ‘చేయ’ అనే తుమున్నర్థక రూపం. ఆనాటి ఇంగ్లీషులో ఆ రూపం చివర నకారం ఉండేది. ‘వీరుడికి తగినది’ అన్న భాగం ఆ ‘చేయ’కు కర్మ. తెలుగులో అన్వయం అచ్చంగా సరిపోతుంది: తగిన పని – చేయన్ – తెగించుట. మన వ్యాకరణంలో ‘చేయన్’ చివర ద్రుతం ఉండి ‘చేయఁదెగించుట’ అని సంధి అయినట్టే, అక్కడా రెండు మాటలు దగ్గరగా నడుస్తాయి గాని ఒక మాట కావు. కొన్ని పంక్తుల తర్వాత అవే రెండు మాటలు ‘దుర్రె డాన్’ అని క్రియారూపంలో మళ్లీ రావడం వల్ల అన్వయం విషయంలో సందేహానికి తావే లేదు.

ఇదే కావ్యంలో, ఇదే అయిదో భాగం చివర చాసర్ తన పుస్తకాన్ని సంబోధిస్తూ ఒక ప్రార్థన చేశాడు. ఇంగ్లీషులో ప్రాంతానికో పలుకుబడి, మనిషికో రాత ఉన్నాయి గనుక, తన కావ్యాన్ని ఎవరూ తప్పుగా రాయకూడదనీ, ఛందస్సు చెడగొట్టకూడదనీ, ఎక్కడ చదివినా అర్థం కావాలనీ వేడుకున్నాడు. తన లేఖకుడు ఆడమ్ అజాగ్రత్త వల్ల ప్రతులు దిద్దుకోలేక సతమతమవుతున్నానని వేరే చిన్న పద్యమూ రాశాడు. ఆయన భయపడింది నిజమే అయింది. ఏ కావ్యం చెడిపోకూడదని వేడుకున్నాడో ఆ కావ్యంలోని రెండు మాటలే చేతులు మారి, రూపం మారి, ఆయన ఎరగని మూడో మాటగా స్థిరపడ్డాయి.

లిడ్గేట్, అచ్చుయంత్రం

చాసర్ తర్వాతి తరంలో జాన్ లిడ్గేట్ అనే సన్యాసి ఉండేవాడు. బరీ సెయింట్ ఎడ్మండ్స్ మఠం ఆయనది. చాసర్‌ని గురువుగా కొలిచాడు. 1412లో యువరాజు హెన్రీ, తర్వాతి కాలంలో అయిదో హెన్రీ రాజు, కోరిన మీదట ట్రాయ్ కథ మొత్తాన్ని ఇంగ్లీషు పద్యాల్లో చెప్పడం మొదలుపెట్టి 1420లో ముగించాడు. దాదాపు ముప్ఫైవేల పాదాల గ్రంథం ‘ట్రాయ్ బుక్’.

ట్రాయిలస్‌ని వర్ణించవలసి వచ్చినప్పుడు లిడ్గేట్‌కు సహజంగానే గురువుగారి పద్యం మనసులో మెదిలింది. ఆ మాటలనే తీసుకున్నాడు. అయితే ‘డోరింగ్ డూ’ అన్న తర్వాత నాయకుణ్ణి పొగిడే మాటలు అడ్డం వేసి, ‘వీరుడికి తగినది’ అన్న భాగాన్ని ఆ తరువాతి పాదంలోకి, వేరొక క్రియ కిందికి జరిపాడు. తుమున్నర్థకం చివరి నకారం కూడా అప్పటికి రాలిపోయింది. చాసర్ దగ్గర అతుక్కుని ఉన్న క్రియ, కర్మ ఇక్కడ ఎడమయ్యాయి. చదివేవాడికి ‘డోరింగ్ డూ’ ఒంటరిగా నిలబడ్డ ఒక గుణం పేరులా కనిపించడానికి దారి ఏర్పడింది.

ఆ దారిని అచ్చుయంత్రం వెడల్పు చేసింది. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టాక పాత కావ్యాలు ఒక్కొక్కటే అచ్చులోకి వచ్చాయి. లిడ్గేట్ గ్రంథం 1513లో ఒకసారి, 1555లో ఇంకోసారి అచ్చయింది. ఆ ముద్రణల్లో ‘డోరింగ్’లోని ఓకారం స్థానంలో ఎకారం పడింది. ‘డోరింగ్ డూ’ కాస్తా ‘డెరింగ్ డూ’ అయింది. ఒక్క అక్షరం. తెలుగులో ప, వలకు తలకట్టు దగ్గర తేడా. ద, ధలకు అడుగున గీత తేడా. తాటాకు ప్రతులు పట్టి చూసినవాళ్లకు ఒక్క గీత ఎంత పని చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. వాడుకలో ఉన్న ‘డేర్’ క్రియతో చుట్టరికం కనబడకుండా ఆ అక్షరం అడ్డుగోడ కట్టింది. ఇకమీదట ఈ మాట ఎవరికి కనిపించినా, అదేదో మరుగునపడిన పాత పదం అనుకోవలసిందే.

స్పెన్సర్

అలా అనుకున్నవాడు మహాకవి కావడం ఈ మాట అదృష్టం. ఎడ్మండ్ స్పెన్సర్ 1579లో ‘షెపర్డ్స్ క్యాలెండర్’ ప్రచురించాడు. నెలకొకటి చొప్పున పన్నెండు గోపకవితలు. చాసర్‌ను కల్మషం లేని ఇంగ్లీషు ఊటగా భావించిన స్పెన్సర్, కావాలని పాత మాటలు ఏరుకొచ్చి కవిత్వంలో కూర్చాడు. ఆ పాత మాటలకు ‘ఇ.కె.’ అనే పొడి అక్షరాలతో ఒక వ్యాఖ్యాత టీక రాశాడు.

అక్టోబరు నెల కవితలో విషయం కవుల దుస్థితి. పూర్వం గొప్ప పనులకు తెగించే మహనీయులు ఉండేవారు, వారిని కీర్తించే కవులూ ఉండేవారు, ఇప్పుడు ఇద్దరూ లేరని ఒక కాపరి వాపోతాడు. అక్కడ స్పెన్సర్ ‘డెరింగ్ డూ’ వాడాడు. పౌరుషం, శౌర్యధర్మం అని ఇ.కె. టీక ఇచ్చాడు. తర్వాత ‘ఫేరీ క్వీన్’ మహాకావ్యంలో, 1590లో వచ్చిన భాగాల్లోనూ 1596 నాటి భాగాల్లోనూ స్పెన్సర్ ఈ మాటను మళ్లీ వాడి, దాన్నుంచి ‘తెగువ చేసేవారు’ అన్న అర్థంలో ఇంకో మాటనూ పుట్టించాడు. రెండు మాటల జంట ఇక్కడ ఒక్క నామవాచకమై, సంతానం కూడా కన్నది.

స్పెన్సర్‌ని ఇందుకు తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయన ముందున్నది ముద్రిత ప్రతి. పోల్చి చూసుకోవడానికి తాళపత్రాల గుట్టల్లాంటి వనరులు లేవు, చారిత్రక నిఘంటువు లేదు. సందర్భం చూసి అర్థం ఊహించాడు. ఆ ఊహ అర్థానికి దగ్గరగానే పడింది. పాత మాటల మోజు ఎక్కువైందని బెన్ జాన్సన్ లాంటివారు తర్వాత విమర్శించారు. అయినా ఆ మాట బతికింది. 1599లో స్పెన్సర్ చనిపోతే వెస్ట్‌మినిస్టర్ మఠంలో చాసర్ సమాధికి దగ్గరలోనే ఆయన్ని ఖననం చేశారు.

వాల్టర్ స్కాట్

తర్వాత రెండు వందల ఏళ్లు ఈ మాట దాదాపు పుస్తకాల్లోనే నిద్రపోయింది. నిద్ర లేపినవాడు సర్ వాల్టర్ స్కాట్. ఆయన నవల ‘ఐవాన్ హో’ 1819 డిసెంబరులో వెలువడింది. బ్రౌన్ కడపకు వచ్చింది ఆ మరుసటి సంవత్సరమే.

నవలలోని ఒక ప్రసిద్ధ ఘట్టంలో గాయపడిన ఐవాన్ హో కోటలో మంచం మీద ఉంటాడు. బయట కోట మీద దాడి జరుగుతుంటుంది. కిటికీ దగ్గర నిలబడి రెబెకా అనే యూదు యువతి యుద్ధాన్ని చూసి అతడికి చెబుతుంటుంది. నల్ల కవచం తొడుక్కున్న ఒక వీరుడు గండ్రగొడ్డలితో కోటద్వారాన్ని బద్దలు కొడుతున్నాడని విని ఐవాన్ హో ఆశ్చర్యపోతాడు. అంతటి ‘డెరింగ్ డూ’ చేయగలవాళ్లు ఇద్దరుంటారా అన్న ధోరణిలో మాట్లాడతాడు. ఆ వీరుడు మారువేషంలో ఉన్న రిచర్డ్ రాజు. పేజీ అడుగున స్కాట్ సూచిక ఇచ్చాడు: ప్రాణాలకు తెగించిన ధైర్యం అని దాని అర్థం.

ఆ నవల కథాకాలం 12వ శతాబ్దం చివర. మాట అచ్చుతప్పుగా పుట్టింది 16వ శతాబ్దంలో. అంటే తనకు మూడు వందల ఏళ్ల తర్వాత పుట్టిన మాటను ఐవాన్ హో పలికాడు. పాఠకులకు ఆ పట్టింపు లేకపోయింది. ‘ఐవాన్ హో’ ఐరోపా అంతటా, అమెరికాలో, మన దేశంలోని ఇంగ్లీషు బడుల్లోనూ చదివారు. వీరగాథలు రాసే ప్రతివారికీ ఆ మాట అందుబాటులోకి వచ్చింది. వారి చేతుల్లోంచి పత్రికలకూ, సినిమాకూ చేరింది.

తప్పు ఒప్పయ్యేదెప్పుడు

ఈ వంశవృక్షాన్ని తవ్వితీసినవారు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులు. 1857లో లండన్ ఫిలాలజికల్ సొసైటీ సంకల్పించిన ఆ పని 1884లో తొలి భాగంతో వెలుగు చూసింది, 1928లో పూర్తయింది. 1884 బ్రౌన్ లండన్‌లో కన్నుమూసిన సంవత్సరం కూడా. ప్రతి మాటకూ దొరికినంతలో మొదటి ప్రయోగం నుంచి సంవత్సరాల వారీగా ఉదాహరణలు ఇవ్వాలన్నది దాని నియమం. వేలమంది స్వచ్ఛంద పాఠకులు పుస్తకాలు చదివి, చీటీల మీద ప్రయోగాలు రాసి పంపారు. జేమ్స్ మర్రే సంపాదకత్వంలో ‘డి’ అక్షరం వచ్చిన మూడో సంపుటం 1897లో ముగిసింది. చాసర్, లిడ్గేట్, 1513 నాటి అచ్చు, స్పెన్సర్, స్కాట్ వరుసగా నిలబడేసరికి తప్పు ఎక్కడ మొదలై ఎలా నడిచిందో దానంతట అదే తేలిపోయింది.

అంతకు కొద్దికాలం ముందు, 1886లో, వాల్టర్ స్కీట్ అనే పండితుడు ఒక పరిభాష ఇచ్చాడు. లేఖకుల, ముద్రాపకుల, సంపాదకుల పొరపాట్ల వల్ల నిఘంటువుల్లోకి చొరబడిన, నిజంగా ఎవరూ వాడని మాటలకు ‘ఘోస్ట్ వర్డ్స్’ అని పేరు పెట్టాడు. 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువులో ఇందుకు గట్టి ఉదాహరణ ఉంది. సాంద్రతకు సంకేతంగా ‘పెద్ద డి లేక చిన్న డి’ అని సంపాదకులు రాసిన చీటీని ఒకే మాటగా చదవడంతో ‘డార్డ్’ అనే లేని మాట అందులోకి ఎక్కింది. 1939లో పట్టుకుని, ఆ తర్వాత తొలగించారు.

రెండో వైపు ‘సిలబస్’ ఉంది. పరీక్షలకు చదివే పిల్లలున్న ప్రతి తెలుగింట్లోనూ ఆ మాట రోజూ వినిపిస్తుంది. తోలు చీటీ అని అర్థమిచ్చే గ్రీకు మాటను 15వ శతాబ్దంలో సిసెరో లేఖలు అచ్చు వేసినవాళ్లు తప్పుగా చదివారు. ఆ తప్పు చదువు లోంచి ‘సిలబస్’ పుట్టింది. ఇప్పుడది తప్పని ఎవరైనా దిద్దబోతే దిద్దుబాటే తప్పవుతుంది.

‘డార్డ్’ కూడా తప్పే, ‘సిలబస్’ కూడా తప్పే, ‘డెరింగ్ డూ’ కూడా తప్పే. మొదటిదాన్ని తీసేసి మిగిలిన రెండింటినీ ఉంచుకోవడానికి కారణం జనం వాడడమే. మొదటిదానితో ఎవరికీ అవసరం పడలేదు. మిగిలిన రెండూ జనం అక్కర తీర్చాయి. మాటకు పుట్టుక కన్న పలుకుబడి బలమైన ఆధారమని నా అభిప్రాయం. కాని పుట్టుక తెలుసుకోవడం అనవసరం అనుకుంటే పొరపాటు. తెలుసుకోకపోతే ఏం పోగొట్టుకున్నామో కూడా తెలియదు.

పోయిన కర్మ

ఏం పోయింది? ఒక అచ్చు మారింది, ఒక నకారం పోయింది. అవి చిన్న నష్టాలు. చాసర్ వాక్యంలో తెగించడానికి ఒక హద్దూ ఒక గమ్యమూ ఉన్నాయి: వీరుడికి తగిన పని. ధర్మం చెప్పిన పనిని చేయడానికి గుండె ఉండడం ఆయన మెచ్చుకున్న గుణం. లిడ్గేట్ దగ్గర ఆ కర్మ దూరం జరిగింది. స్పెన్సర్ దగ్గర మాటలో కర్మకు చోటే లేకుండా పోయింది, అయినా కవితలోని మహనీయుల ప్రస్తావన దాన్ని కొంత కాపాడింది. స్కాట్ సూచికకు వచ్చేసరికి ప్రాణాలకు తెగించడమే మిగిలింది. దేనికోసం అన్నది మాటలోంచి తప్పుకుంది.

గమ్యం ఉన్న తెగువకూ లేని తెగువకూ ఉన్న తేడా విద్యారంగంలోనూ కనిపిస్తుంది. రిచర్డ్ బెంట్లీ 17, 18వ శతాబ్దాల ఇంగ్లండులో మహాపండితుడు. ఫలారిస్ అనే పురాతన రాజు రాసినవని లోకం నమ్మిన లేఖలు తర్వాతి కాలపు కల్పనలని భాషాసాక్ష్యంతో నిరూపించాడు. పెద్దలందరినీ ఎదిరించిన తెగువ అది. దాని గమ్యం సత్యం. ఆయనే 1732లో మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ను పరిష్కరించాడు. అంధకవి చెబుతుంటే రాసుకున్నవాళ్లు కావ్యాన్ని చెడగొట్టారని ఊహించి, ప్రతుల ఆధారం లేకుండా తనకు తోచిన సవరణలు గుప్పించాడు. మనిషీ ఒకడే, పాండిత్యమూ ఒకటే. మొదటి తెగువ విద్యకు మార్గదర్శకమైంది. రెండోదాన్ని పండితలోకం తిరస్కరించింది.

బ్రౌన్ తెగువకు కర్మ ఉంది. పరాయి దేశపు ఉద్యోగి, కావ్యభాష రాకుండా వచ్చినవాడు, పండితుల పాదాల దగ్గర కూర్చుని నేర్చుకుని, చెదలు పడుతున్న ఒక సాహిత్యాన్ని నిలబెట్టడానికి పూనుకున్నారు. ఒక ప్రతిని నమ్మకుండా పది ప్రతులు చూడడం ఆయన పద్ధతి. ఆయన సేకరించిన గ్రంథాలు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తకాగారంలో తరవాతి పరిశోధకులందరికీ దారి చూపాయి. చాసర్ మాటల్లోని పూర్తి అర్థంలో, తగిన పని చేయ తెగించినవారు ఆయన.

మనం తలపెట్టవలసిన పని

ఇంగ్లీషులో ఒక అచ్చుతప్పు పుట్టుకను సంవత్సరంతో సహా చెప్పగలుగుతున్నాం. తెలుగులో ‘సాహసం’ అనే మాట నేరం అర్థం వదిలి మెప్పు అర్థంలోకి ఏ శతాబ్దంలో, ఎవరి ప్రయోగంలో మారిందో అలా చెప్పగల నిఘంటువు మన బల్ల మీద లేదు. సామగ్రి లేక కాదు. బ్రౌన్ పనిచేసిన కడప సీమలోనే 6వ శతాబ్ది నాటి కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాల నుంచి మనకు తెలుగు రాత ఉంది. 11వ శతాబ్ది నన్నయ నుంచి అవిచ్ఛిన్నమైన కావ్యధార ఉంది. పిఠాపురం రాజావారి పోషణలో మొదలై 1936 నుంచి 1972 వరకు ఎనిమిది సంపుటాలుగా వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్య ప్రయోగాలను ఎంతో శ్రమతో సేకరించి పెట్టింది. దాని మీద కట్టవలసింది తేదీల వారీ చారిత్రక నిఘంటువు: శాసనాలు, కావ్యాలు, కైఫియతులు, పాత పత్రికలు, నాటకాలు, సినిమా సంభాషణలు అన్నీ కలుపుకుని, ఒక్కో మాటకు దొరికిన మొదటి ప్రయోగం నుంచి నేటిదాకా వరుస.

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు నా విన్నపం: ఒక్కో పరిశోధక విద్యార్థికి పది మాటలు అప్పగించండి. ఆ మాటల చరిత్ర సంవత్సరాలతో, పాఠాంతరాలతో రాయించండి. ఒక ముద్రిత ప్రతిని నమ్మి సిద్ధాంతాలు చేయనివ్వకండి. తాళపత్రం దాకా పంపండి. గ్రంథాలయాల అధికారులకు నా విన్నపం: 19వ శతాబ్దపు తొలి ముద్రణల్ని కొత్త ముద్రణ వచ్చిందని పారేయకండి. తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పేవి అవే. తాతముత్తాతల తాటాకు కట్టలు ఇంకా ఇళ్లలో ఉన్నవారికి నా విన్నపం: వాటిని నదిలో కలపకండి, దగ్గరలోని లిఖిత పుస్తకాగారానికి చేర్చండి, కనీసం ఫొటోలు తీయనివ్వండి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు చీటీలు రాసి పంపినవారిలో చాలామంది మనలాంటి మామూలు పాఠకులే. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగు పాఠకులు కూడా ఇంటి నుంచే చేయగల పని ఇది.

ఈ పని పెద్దది, ఒక తరంలో పూర్తి కాకపోవచ్చు. ఇంగ్లీషువారికి 70 ఏళ్లు పట్టింది. తెలుగువారు చేయ తెగించవలసిన పని ఇదేనని నా నిశ్చయం. ఈ సభలో ఉన్న ప్రతి విద్యార్థీ ఈ సంవత్సరం ఒక్క తెలుగు మాటను ఎంచుకుని, దాని పాత ప్రయోగాలు తేదీలతో రాసి మీ అధ్యాపకుడి చేతికివ్వండి. పని అక్కడే మొదలవుతుంది.